సిరా చుక్కను విడదీసేది నీరొక్కటే కాదు: కాగితపు క్రొమటోగ్రఫీపై ఒక పరిశీలన

హైదరాబాద్ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి మిశ్రమాల పాఠం మొదలైందంటే మిశ్రమంలోని రంగులను కాగితం మీద విడదీసే కాగితపు క్రొమటోగ్రఫీ ప్రయోగం తప్పకుండా వినిపిస్తుంది. వడపోత కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్‌తో గీత గీసి, గీత మధ్యలో నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, చుక్క మునగకుండా పట్టీ కొసను నీటిలో ఉంచుతారు. నీరు పైకి పాకుతున్న కొద్దీ నలుపు చెదిరిపోయి, పెన్ను తయారీని బట్టి నీలం, గులాబీ, పసుపు వంటి మరకలు వేర్వేరు ఎత్తుల్లో తేలతాయి. పగిలేదీ కాలేదీ ఏమీ లేదు కాబట్టి ఉపాధ్యాయులకు భయం ఉండదు. కళ్ల ముందే రంగులు పుట్టుకొస్తాయి కాబట్టి పిల్లలకు ఉత్సాహం. ఆ తరువాత రికార్డులో రాసే వివరణ మాత్రం చాలాచోట్ల ఒక్క వాక్యంతో సరి: నీటిలో ఎక్కువగా కరిగే రంగు ఎక్కువ ఎత్తుకు, తక్కువగా కరిగే రంగు తక్కువ ఎత్తుకు చేరుతుంది. ఈ వాక్యాన్ని అబద్ధమని కొట్టిపారేయలేం. అయితే ఇందులో నీటి ప్రస్తావనే తప్ప కాగితం ఊసే లేదు. కాగితం కేవలం నీటిని మోసే దారి అన్నట్టుగా పిల్లల మనసులో మిగిలిపోతుంది.

కొద్దిపాటి లెక్క వేస్తే ఆ వివరణ ఎక్కడ నిలబడదో తెలుస్తుంది. స్కెచ్ పెన్నుతో పెట్టిన చిన్న చుక్కలోని రంగు పదార్థం చాలా స్వల్పం. 10 మైక్రోగ్రాములు అనుకుందాం. ప్రయోగశాలల్లో విరివిగా వాడే వాట్‌మన్ 1 రకం వడపోత కాగితం చదరపు మీటరుకు దాదాపు 87 గ్రాములు తూగుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 9 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. తడిసిన కాగితం తన బరువుకు మించి నీరు పట్టుకుంటుంది కాబట్టి, చుక్క ఉన్న చదరపు సెంటీమీటరు మేర దాదాపు 10 మిల్లీగ్రాముల నీరు ఉంటుందని తీసుకోవచ్చు. ఆ లెక్కన అక్కడ ఏర్పడే ద్రావణం గాఢత లీటరుకు 1 గ్రాము. టార్ట్రజీన్ అనే పసుపు రంగు గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీటిలో 100 గ్రాములకు పైగానే కరుగుతుంది. నీటి సిరాల్లో వాడే చాలా రంగులు ఇలా ధారాళంగా కరిగేవే. లీటరుకు ఒక గ్రాము చొప్పున కరగవలసిన చోట ఒకదానికి వంద గ్రాములు, ఇంకొకదానికి రెండు వందల గ్రాములు కరిగే శక్తి ఉంటే ఒరిగేదేమిటి? రెండూ పూర్తిగానే కరిగిపోతాయి. కరగడం ఒక్కటే తేల్చే సంగతైతే రెండూ నీటి అంచుతో సమానంగా పైకి పోవాలి. విడిపోవడమనే ప్రసక్తే ఉండకూడదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎరిత్రోసిన్. డబ్బాల్లో దొరికే చెర్రీ పండ్లకు ఎర్రదనం తెచ్చే ఈ రంగు నీటిలో బాగానే కరుగుతుంది. అయినా కొద్దిగా ఉప్పు కలిపిన నీటితో కాగితం మీద నడిపిస్తే మొదటి గీతకు దగ్గరలోనే ఉండిపోతుంది. పక్కనే పెట్టిన బ్రిలియంట్ బ్లూ అనే నీలి రంగు పైఅంచుకు చేరువగా వెళ్తుంది. ఎరిత్రోసిన్ అణువులో అయోడిన్ పరమాణువులు నాలుగు ఉంటాయి, అణువు బరువైనది, ఎక్కువ భాగం చదునుగా ఉంటుంది. అది కాగితాన్ని సులువుగా వదలదు. ఇక్కడ తేడా తెచ్చింది కాగితమే.

కాగితం అంటే సెల్యులోజ్ పోగుల అల్లిక. సెల్యులోజ్ గొలుసులో ప్రతి గ్లూకోజ్ భాగానికి మూడేసి హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. అవి గాలిలోని తేమను లాగి పట్టుకుంటాయి. చేతికి పొడిగా తగిలే కాగితంలోనూ బరువులో కొన్ని శాతం నీరే. పోగులను అంటిపెట్టుకుని కదలకుండా ఉండే ఈ నీటి పొరనూ, పోగులనూ కలిపి స్థిర ప్రావస్థ అంటారు. పోగుల సందుల్లోంచి పైకి పాకే ద్రవం చలన ప్రావస్థ. రంగు అణువు ఈ రెంటి మధ్య ఎడతెగకుండా తిరుగుతుంది. పాకే ద్రవంలో ఉన్న క్షణాన దానితోపాటు పైకి పోతుంది, పోగును అంటుకున్న క్షణాన ఉన్నచోటే ఆగుతుంది. ఇలా ఆగుతూ సాగుతూ, పట్టీ పైభాగానికి చేరేలోగా లెక్కలేనన్ని సార్లు అటూ ఇటూ మారుతుంది. ఒక రంగు తన సమయంలో సగం ద్రవంలో, సగం పోగుల మీద గడిపితే, ద్రవం వెళ్లిన దూరంలో సగమే అది వెళ్తుంది. ఆర్‌ఎఫ్ విలువ అనేది, రంగు మరక కదిలిన దూరాన్ని ద్రవపు అంచు కదిలిన దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్యే. పరీక్షల్లో దాన్ని ఒక నిష్పత్తిగా బట్టీ పట్టిస్తారు. నిజానికి అది అణువు తన కాలంలో ఎన్నో వంతు ప్రయాణంలో గడిపిందో చెప్పే లెక్క. అది సున్నాకు తగ్గకుండా, ఒకటికి మించకుండా ఎందుకుంటుందో ఈ కోణంలో చూస్తే వేరే వివరణ అక్కరలేదు.

కాగితానికీ రంగుకూ మధ్య ఉన్న ఈ పట్టు రసాయన శాస్త్ర తరగతిలో కొత్తగా అనిపించవచ్చు గానీ, హైదరాబాద్ పక్కనున్న నేత ఊళ్లకు కొత్త కాదు. భూదాన్ పోచంపల్లి వంటి చోట్ల చేనేతకు ఆధారమైన నూలు కూడా సెల్యులోజే. నూలుకు రంగు వేసేవారు చాలా రకాల రంగుల తొట్లలో ఉప్పు కలుపుతారు. ఉప్పు పడితే రంగు నీటిని వదిలి దారాన్ని పట్టుకుంటుందని వారికి అనుభవం. కారణం చెప్పాలంటే, ఈ రంగుల అణువులు నీటిలో రుణావేశంతో ఉంటాయి, తడిసిన సెల్యులోజ్ ఉపరితలం మీదా స్వల్పంగా రుణావేశమే ఉంటుంది. ఉప్పులోని సోడియం అయాన్లు మధ్యలో చేరి ఆ వికర్షణను తగ్గిస్తాయి. కాగితం పట్టీ మీదా జరిగేది ఇదే. ఆహారపు రంగులను విడదీయడానికి వట్టి నీటికి బదులు లీటరుకు ఒక గ్రాము ఉప్పు కలిపిన నీటిని వాడే పద్ధతి అందుకే వచ్చింది. వట్టి నీటిలో ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా పైకి పోయే రంగులు ఉప్పునీటిలో కాస్త ఎడంగా నిలుస్తాయి. నల్లా నీరు వాడే బడిలో, లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీరు వాడే బడిలో ఒకే పెన్నుతో ఒకే ప్రయోగం చేస్తే ఫలితాలు సరిపోలకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. స్వేదన జలం ఎందుకు వాడమంటారో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

ద్రావణిని, అంటే పట్టీ మీద పైకి పాకే ద్రవాన్ని, మార్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. తెల్లని నూలు బట్ట మీద పడిన పసుపు మరక ఎంత ఉతికినా పూర్తిగా పోదని ప్రతి ఇంటా తెలుసు. పసుపు కొమ్ముల్లోని కుర్కుమిన్‌కు సెల్యులోజ్ మీద పట్టు ఎక్కువ, నీటిలో కరిగే గుణం దాదాపు లేదు. పసుపు పొడిని కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, తేరిన ద్రవంతో ఒక పట్టీ మీద చుక్క పెట్టి, పక్కన స్కెచ్ పెన్ను చుక్క కూడా పెట్టి నీటిలో నిలబెడితే, స్కెచ్ పెన్ను రంగులు పైకి పోతాయి, పసుపు చుక్క కదలదు. అలాంటిదే రెండో పట్టీని నీరు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పెడితే పసుపు చుక్క పైకి పాకుతుంది. స్కెచ్ పెన్ను రంగుల్లో నీటిని ఇష్టపడేవి మొదటి గీత దగ్గరే మిగిలిపోతాయి. రెండు పట్టీలను బల్ల మీద పక్కపక్కన ఆరబెట్టి చూస్తే ఒక సంగతి తప్పించుకోవడానికి వీల్లేకుండా కనబడుతుంది. ఏ రంగుకూ సొంతంగా ఇంత ఎత్తు అని రాసిపెట్టి లేదు. ఆ రంగు, ఆ ద్రావణి, ఆ కాగితం అనే మూడింటి మధ్య తేలే బేరం అది. అసలు కరగని పదార్థం కదలదన్నది నిజమే, బాల్ పెన్ను గీత నీటిలో చెక్కుచెదరకపోవడానికి అదే కారణం. ఆ మేరకు కరిగే గుణం అవసరమే. కరిగినవాటిలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది మాత్రం కాగితంతో పోటీలో తేలుతుంది. పాఠంలో ఒక్క పీరియడ్ అదనంగా ఇవ్వగలిగితే ఈ రెండో పట్టీకే ఇవ్వాలి.

ఆకు రంగుల ప్రయోగం పై తరగతుల్లో వస్తుంది. పాలకూరను ఎసిటోన్‌తో నూరి తీసిన పచ్చని ద్రవాన్ని, తొమ్మిది పాళ్లు పెట్రోలియం ఈథర్‌కు ఒక పాలు ఎసిటోన్ కలిపిన మిశ్రమంతో నడిపిస్తే, నారింజ పసుపు కెరోటిన్ ద్రవపు అంచుతో దాదాపు సమానంగా పోతుంది, దాని కింద పసుపు జాంథోఫిల్, నీలి ఆకుపచ్చ క్లోరోఫిల్ ఎ, అన్నిటికంటే కింద పసుపు ఆకుపచ్చ క్లోరోఫిల్ బి నిలుస్తాయి. కెరోటిన్ వట్టి హైడ్రోకార్బన్, అంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప అందులో ఇంకేమీ లేవు. సెల్యులోజ్ హైడ్రాక్సిల్‌లకు దానితో పని లేదు, అందుకే ఎక్కడా ఆగదు. క్లోరోఫిల్ ఎ, బి అణువుల మధ్య తేడా ఒక్క చోటే: ఒకదానిలో మిథైల్ సమూహం ఉన్న స్థానంలో రెండోదానిలో ఆల్డిహైడ్ సమూహం ఉంటుంది. ఆ ఆక్సిజన్ పరమాణువు కాగితాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకోవడానికి చాలు. అణువులో ఒక్క మూల మారితే కాగితం మీద కంటికి కనిపించేంత దూరం వస్తుందంటే, ఈ చవకబారు పట్టీ ఎంత సున్నితమైన పనిముట్టో ఊహించవచ్చు. పెట్రోలియం ఈథర్, ఎసిటోన్ రెండూ ఇట్టే నిప్పంటుకునేవి కాబట్టి దగ్గరలో మంట ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి.

ఆకు రంగులతోనే ఈ శాస్త్రం మొదలైంది. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ ట్స్వెట్ 1903లో వార్సాలో దీన్ని తొలిసారి వివరించి, 1906లో పత్రాలు ప్రచురించాడు. ఆయన వాడినది కాగితం కాదు, గాజు గొట్టంలో కూరిన కాల్షియం కార్బొనేట్ పొడి. కాగితానికి రాజయోగం పట్టింది ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో, ఉన్ని పరిశ్రమ పరిశోధనశాలలో. ఉన్ని ప్రోటీన్ కాబట్టి అందులోని అమైనో ఆమ్లాలను విడదీయడం అక్కడివారికి అవసరమైంది. ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ 1941లో రెండు ద్రవాల మధ్య పదార్థం పంచుకోబడే తీరును ఆధారం చేసుకుని కొత్త పద్ధతి ప్రకటించారు. 1944లో కాన్స్‌డెన్, గోర్డన్, మార్టిన్ అదే పనిని వడపోత కాగితం మీద చేసి చూపారు. మార్టిన్, సింజ్‌లకు 1952లో నోబెల్ వచ్చింది. 1944 తరువాతి పది పన్నెండేళ్లలో ఈ పట్టీ చేసిన పనులు చిన్నవి కావు: ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాల వరుసను ఫ్రెడరిక్ సాంగర్ తేల్చడంలోనూ, డీఎన్‌ఏలో ఎడినిన్ థైమిన్‌కు, గ్వానిన్ సైటోసిన్‌కు సమానంగా ఉంటాయని చార్గాఫ్ గమనించడంలోనూ, కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ దారిని మెల్విన్ కాల్విన్ కనుక్కోవడంలోనూ కాగితపు క్రొమటోగ్రఫీ ఉంది. మన దేశంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కె.వి. గిరి, ఆయన సహచరులు 1950ల తొలినాళ్లలో గుండ్రని కాగితం మీద ఈ పద్ధతిని వాడారు. పళ్లెంలోని ద్రవం ఒక వత్తి ద్వారా కాగితం మధ్యకు చేరి అన్ని వైపులా పరుచుకుంటుంది, రంగులు వలయాలుగా విడిపోతాయి. యాభై మంది ఉన్న తరగతిలో పట్టీలు నిలబెట్టడం కంటే ఇది సులువు.

ఇక చేసే తీరు సంగతి. పాఠశాల ప్రయోగాలు దెబ్బతినేది ఎక్కువగా రెండు చోట్ల: మూత, చుక్క. ద్రవం పైకి ఎక్కే వేగం స్థిరంగా ఉండదు. ఎక్కిన ఎత్తు వర్గం సమయానికి దాదాపు అనుపాతంలో ఉంటుంది. మొదటి రెండు సెంటీమీటర్లకు ఒక నిమిషం పడితే నాలుగు సెంటీమీటర్లకు నాలుగు నిమిషాలు, ఎనిమిదికి పదహారు నిమిషాలు పడుతుంది. పైకి పోయే కొద్దీ నెమ్మదించే ఈ ద్రవం ఏప్రిల్ మధ్యాహ్నపు హైదరాబాద్ పొడిగాలిలో మూత లేని గ్లాసులో ఉంటే, కింద నుంచి వచ్చేంత నీరు పైన ఆవిరైపోయి అంచు ఒక చోట నిలిచిపోతుంది. అంచు ఆగినా అడుగు నుంచి నీరు వస్తూనే ఉంటుంది కాబట్టి రంగులు ఇంకా పైకి జరిగి అంచు దగ్గర గుమిగూడతాయి, ఆర్‌ఎఫ్ విలువలు ఉండాల్సిన దానికంటే పెరుగుతాయి. వెడల్పు మూతి ఉన్న పచ్చడి సీసాలో అడుగున కాస్త ద్రవం పోసి, మూత పెట్టి, లోపలి గాలి ఆవిరితో నిండేదాకా పావుగంట ఆగి పట్టీ దించితే ఈ చిక్కు ఉండదు. అదే ప్రయోగాన్ని జులై వానల్లో చేస్తే కాగితం ముందే ఎక్కువ తేమ పీల్చి ఉంటుంది. ఫలితం మళ్లీ కొంచెం మారుతుంది. అందుకే పుస్తకంలోని ఆర్‌ఎఫ్ విలువతో సరిపోల్చడం కంటే, తెలిసిన పదార్థపు చుక్కను తెలియని దాని పక్కనే అదే కాగితం మీద నడపడం అన్ని విధాలా నమ్మదగినది.

చుక్క రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. రంగు బాగా కనిపించాలని పెద్ద చుక్క పెడితే అది తోక చాచి పైకంటా సాగుతుంది, ఒక రంగు తోక ఇంకొక రంగు తలను తాకుతుంది. గాజు కేశనాళికతో (చాలా సన్నని గొట్టంతో) చిన్న చుక్క పెట్టి, ఆరనిచ్చి, దాని మీదే మళ్లీ పెట్టడం సరైన దారి. గీతకు పెన్సిలే ఎందుకన్న ప్రశ్నకు జవాబు తేలికే, గ్రాఫైట్ ఏ ద్రావణిలోనూ కరగదు. రాసుకునే నోటుపుస్తకం కాగితం ఈ పనికి రాదు. సిరా పాకకుండా దానికి తయారీలోనే జిగురు వంటి పదార్థం పట్టిస్తారు.

కొలతలో దాగిన అనిశ్చితిని కూడా పిల్లలు చూడాలి. ద్రవపు అంచు 8.0 సెంటీమీటర్లు వెళ్లి, మరక మధ్యభాగం 4.0 సెంటీమీటర్ల దగ్గర ఉంటే విలువ 0.50. మరక వెడల్పు ఆరు మిల్లీమీటర్లు ఉండి, ఒక విద్యార్థి మధ్యభాగానికి బదులు పైఅంచును కొలిస్తే 4.3 సెంటీమీటర్లు, విలువ 0.54. బల్లకు ఇటువైపున్న వాడిదీ అటువైపున్న వాడిదీ ఒకే పట్టీ, జవాబులు వేరు. ఇలాంటప్పుడు 0.5375 అని నాలుగు దశాంశ స్థానాల దాకా రాసిన రికార్డుకు మార్కులు వేయడం శాస్త్రానికి మేలు చేసే పని కాదు. ద్రవపు అంచు ఎక్కడిదాకా వచ్చిందో పట్టీ బయటికి తీసిన మరుక్షణమే పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, ఆరాక అది కనిపించదు.

రంగు లేని పదార్థాలు విడిపోయినా కంటికి కనపడవు. అమైనో ఆమ్లాల విషయంలో కాగితం ఆరాక నిన్‌హైడ్రిన్ చల్లి వేడి చేస్తే చాలావరకు ఊదా మచ్చలు పడతాయి, ప్రోలీన్ మాత్రం పసుపు రంగు ఇస్తుంది. బ్యూటనాల్, ఎసిటిక్ ఆమ్లం, నీరు కలిపిన ద్రావణిలో గ్లైసీన్‌కు దాదాపు 0.26, ఎలనీన్‌కు 0.38, లూసీన్‌కు 0.73 విలువలు వస్తాయి. కార్బన్ గొలుసు పెరిగే కొద్దీ అణువుకు నీటి పొర మీద మక్కువ తగ్గి, ద్రావణితో పోవడం ఎక్కువవుతుంది. ఇక్కడినుంచే ఇంకో జాగ్రత్త పుడుతుంది. పట్టీ మీద ఒకే మచ్చ కనిపించినంత మాత్రాన పదార్థం శుద్ధమైనదని చెప్పడానికి లేదు. రెండు పదార్థాలు ఆ ద్రావణిలో యాదృచ్ఛికంగా ఒకే ఎత్తుకు చేరి ఉండవచ్చు, లేదా రెండోదానికి రంగే లేకపోవచ్చు. జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రాంతాల మందుల పరిశ్రమల్లో శుద్ధతను తేల్చేందుకు వాడే హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రొమటోగ్రఫీ) యంత్రాలు ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. అక్కడ కాగితం స్థానంలో సన్నని పొడి కూరిన ఉక్కు గొట్టం, ద్రవాన్ని తోసే పంపు, కంటి స్థానంలో డిటెక్టర్ ఉంటాయి.

నగరంలో ఈ ప్రయోగానికి అన్నిటికంటే దగ్గరి వాడకం ఆహారపు రంగుల పరీక్ష. మన దేశంలో ఆహారంలో కలపడానికి ఎనిమిది కృత్రిమ రంగులకే అనుమతి ఉంది, అది కూడా నిర్దేశించిన పదార్థాలలో, నిర్దేశించిన పరిమితికి లోబడి. మిఠాయిల్లో కనిపించే చిలకపచ్చ రంగు తరచుగా టార్ట్రజీన్, బ్రిలియంట్ బ్లూల మిశ్రమం. ఆ పొడిని నీటిలో కలిపి చుక్క పెడితే పసుపు, నీలం రెండుగా విడిపోతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ వాసులు ఆహారం ద్వారా ఈ రంగులను ఎంత మోతాదులో తీసుకుంటున్నారో అంచనా వేసి 2004లో ప్రచురించారు కూడా.

అయితే జిలేబీనో కోడి వేపుడునో నేరుగా పిండి చుక్క పెడితే పని జరగదు. నూనె, పిండి, చక్కెర దారికి అడ్డం పడతాయి. ప్రయోగశాలల్లో ముందుగా తెల్లని ఉన్ని దారాన్ని వాడతారు. పదార్థం నుంచి నీటిలోకి దిగిన రంగుకు కాస్త ఆమ్లం కలిపి, నూనె తీసిన ఉన్ని దారం వేసి మరిగిస్తే కృత్రిమ రంగులు దారానికి ఎక్కుతాయి. సహజ రంగులు చాలావరకు ఎక్కవు, ఎక్కినా కడిగితే వదిలిపోతాయి. ఆమ్లంలో ఉన్నికి ధనావేశం వస్తుంది, ఈ రంగులకు రుణావేశం ఉంటుంది, కాబట్టి అంటుకుంటాయి. ఆ దారాన్ని కడిగి, పలుచని అమ్మోనియా ద్రావణంలో వేడి చేస్తే రంగు మళ్లీ బయటికి వస్తుంది. దాన్ని చిక్కబరిచి, అనుమతి ఉన్న ఎనిమిది రంగుల చుక్కల పక్కన కాగితం మీద పెట్టి నడుపుతారు. ఎనిమిదింటిలో దేనితోనూ సరిపోలని మచ్చ వస్తే అనుమానానికి ఆధారం దొరికినట్టే.

ఉన్ని దారం, సిర్కా, అమ్మోనియా పాఠశాలకు అందనివేమీ కావు కాబట్టి పదో తరగతి పిల్లలు ఈ పని ప్రాజెక్టుగా చేయవచ్చు. ఫలితాన్ని ఏ మాటల్లో రాయాలన్నదే చూసుకోవాలి. రెండు మచ్చలు ఒకే ఎత్తున ఉంటే, ఈ ద్రావణిలో ఈ రెండింటికీ తేడా కనిపించలేదని రాయాలి తప్ప, ఫలానా దుకాణం మిఠాయిలో ఫలానా రంగు ఉందని తీర్పు రాయకూడదు. రెండో ద్రావణిలోనూ అవి కలిసే నడిస్తే నమ్మకం పెరుగుతుంది, అంతే. ఎంత మోతాదులో ఉందన్నది ఈ పట్టీ చెప్పదు. పరిమితి దాటిందో లేదో తేల్చాలంటే నమూనా నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాల వంటి చోటికి పద్ధతి ప్రకారం వెళ్లవలసిందే.